ఏ హద్దుకూ చెందని నలభై ముగ్గురు

జనాభా లెక్కలకు ముందు జరిగే ఇళ్ళ లెక్కకు నా పేరు వేశారని తెలిసి మా స్టాఫ్‌రూములో అందరూ జాలిపడ్డారు. సూరత్ ఎండలో ఇంటింటికీ తిరగాలి, తలుపు తీసినవాళ్ళ చీదరింపులు పడాలి, సాయంత్రం మళ్ళీ ఫోనులో అన్నీ సరిచూసి పంపాలి. నాకు మాత్రం లోలోపల సంతోషంగానే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో తెలుగు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఏడాది మధ్యలో వచ్చి చేరతారు, ఏడాది మధ్యలోనే మాయమైపోతారు. వాళ్ళు ఎక్కడుంటారో, ఎంతమంది ఉంటారో ఏ కాగితంలోనూ ఉండదు. ఈసారి రాసేది నేనే కదా అనుకున్నాను.

ఆ సంతోషానికి ఇంకో కారణం కూడా ఉంది. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి పదిహేడో ఏట సూరత్ వచ్చి, చనిపోయేదాకా సాంచెలు నడిపాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. జీవితంలో ఒక్కసారి కూడా ఓటు వెయ్యలేదు. ఊళ్ళో ఉండడం లేదని అక్కడ పేరు కొట్టేశారు. సొంత చిరునామా లేదని ఇక్కడ చేర్చలేదు. ఎన్నికల రోజు మగ్గాల షెడ్డుకు సెలవిస్తే, ఉతికిన చొక్కా వేసుకుని పోలింగు బూతు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని చాయ్ తాగి వచ్చేవాడు. ఎందుకు నాన్నా అని నేనెప్పుడూ అడగలేదు. అడగకపోయినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

నాకిచ్చిన బ్లాకు ఊరి అంచున ఉంది. దక్షిణం వైపు ఒక ఖాడీ, అంటే రంగుల ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి పారే వాగు. వాగుకు అవతల పల్లె. కొన్నేళ్ళ కిందట ఆ పల్లెలో సగం నగరంలో కలిసింది, సగం పంచాయతీగానే మిగిలింది. మ్యాపులో గీత తిన్నగా ఉంది. నేల మీద వాగు వంకర తిరిగింది. ఆ వంపులో రెండంతస్తుల మగ్గాల షెడ్డు ఒకటి ఉంది. ఇలాంటి షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. కింద సాంచెలు, పైన గదులు. అంతకుముందు ఎవరో తయారుచేసి ఇచ్చిన జాబితాలో ఆ భవనం పక్కన "కర్మాగారం, నివాసం లేదు" అని రాసి ఉంది.

గేటు దగ్గర మేనేజరు నన్ను ఆపాడు. మెడలో కార్డు చూశాక కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"ఇక్కడ మనుషులెవరూ ఉండరు బెన్," అన్నాడు గుజరాతీలో. బెన్ అంటే అక్కయ్య. "మగ్గాలే. మీరు శ్రమపడకండి, ఖాళీ అని రాసుకోండి."

ఆయన మాట పూర్తి కాకముందే పైన ఎక్కడో కుక్కరు విజిల్ వేసింది. ఇద్దరం పైకి చూశాం. రెయిలింగు మీద చిన్నపిల్ల గౌను ఒకటి ఆరేసి ఉంది.

"పనివాళ్ళు వండుకుంటారు. తిని వెళ్ళిపోతారు," అన్నాడు.

"ఎక్కడికి వెళ్ళిపోతారు?" అని అడిగాను.

నేను లేచి మెట్లెక్కాను. ఆయన నా వెనకే రెండు మెట్లెక్కి ఆగిపోయాడు. ప్రభుత్వ కార్డు వేసుకున్న ఆడమనిషి చెయ్యి పట్టుకుని ఆపలేడు కదా.

పైన పొడుగాటి వరండా, వరసగా పదకొండు గదులు. కింద సాంచెల మోతకు నేల అదురుతోంది. ఆ మోతలో పుట్టి పెరిగినదాన్నే కాబట్టి నాకు కొత్త కాదు. మొదటి గది గుమ్మంలో ఒక ముసలామె బియ్యం చెరుగుతూ కూర్చుంది. చీర కట్టు చూడగానే మావైపు మనిషని తెలిసిపోయింది.

"యే ఊరమ్మా మీది?" అన్నాను.

చేట పక్కన పెట్టింది. "మీరు తెలుగోళ్ళా? ఎవల కోసం వచ్చినవ్ బిడ్డా?"

"మీ కోసమే. జనాభా లెక్క రాస్కపోనీకె వచ్చిన."

"మమ్ముల గూడ రాస్తరా?"

వెక్కిరించడానికి అన్న మాట కాదది. తెలియక అడిగింది. చాప వేసి కూర్చోబెట్టింది. నేను ఫోను తెరిచి ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. నేల దేనిది, కప్పు దేనిది, దీపం దేనిది. నీళ్ళు ఎక్కడివి అంటే, "కింద బోరు బిడ్డా. సాంచెలు నడ్వని దినం బోరు బంద్. గా దినం ఖాడీ అవుతల పోయి తెచ్చుకుంటం," అంది. ఇంటి పెద్ద ఎవరు అని అడిగాను. ఆమె ఒక మగమనిషి పేరు చెప్పింది.

"మీ కొడుకా?"

"గాదు, మా ముసలాయన."

"ఆయన యాడున్నడు?"

"పోయిండు. పోయిన వానాకాలం పోయిండు."

నేను వేలు ఆపేశాను. "పోయినోళ్ళను రాయొద్దమ్మా. బతికున్నోళ్ళనే రాయాలె."

ఆమె గొంతు పెంచకుండానే అంది. "సచ్చిండని ఆఫీసోళ్ళు రాస్తలేరు. బతికున్నడని నువ్వు రాయవు. మరి ఆయన యాడున్నట్టు?"

కథంతా అప్పుడు చెప్పింది. భర్త ముప్పై ఏళ్ళు సాంచెల మీద పనిచేశాడు. ఒకరోజు పొద్దున్నే ఛాతీలో నొప్పి అన్నాడు. ఆటో వచ్చేలోపు ఈ గదిలోనే ప్రాణం పోయింది. మరణ ధ్రువపత్రం కోసం కొడుకు వార్డు ఆఫీసుకు వెళ్ళాడు. మీ ఖాతా మా హద్దులో లేదు, పంచాయతీకి పొమ్మన్నారు. పంచాయతీకి వెళితే గేటు నగరం వైపు ఉంది, వార్డు ఆఫీసుకే పొమ్మన్నారు. అలా అయిదుసార్లు తిరిగాడు. ఆరోసారి సెలవు అడిగితే ఖాతాలో పని మానెయ్యమన్నారు. తిరగడం మానేశాడు. సొంతూళ్ళో ముసలాయన పేరు రేషను కార్డులో ఇంకా బతికే ఉంది. కాగితం తెస్తే తప్ప ఈమెను వితంతువుగా రాయలేమన్నారు.

"ఆడి జిల్లా గూడ మారె," అంది. "మేం వచ్చినప్పుడు ఒకటే జిల్లా ఉండె. ఇప్పుడు ముక్కలు జేసిన్రట. మాది ఏ ముక్కల వడ్డదో నాకెర్క లేదు. ఈడ జూస్తె గిట్ల."

పక్కన ఆమె మనవరాలు, ఆరేళ్ళ పిల్ల, ఒళ్ళో పలక పెట్టుకుని నా ఫోను వైపు చూస్తోంది. ఆ పిల్ల బడికి పోవడం లేదు. నగరం బడిలోనూ పల్లె బడిలోనూ చిరునామా లేదని చేర్చుకోలేదు.

నేను పదకొండు గదులూ రాశాను. కొందరు మావాళ్ళు, ఎక్కువమంది ఒడిశా వాళ్ళు, రెండు కుటుంబాలు బీహారువి. షిఫ్టు చేసి పడుకున్నవాళ్ళను లేపాల్సి వచ్చినప్పుడు సిగ్గనిపించింది. ఎవరూ విసుక్కోలేదు. ఒకాయన లేచి కూర్చుని, చొక్కా తొడుక్కుని, జుట్టు సర్దుకుని మరీ పేరు చెప్పాడు. మొత్తం నలభై మూడు మంది. ప్రతి తలుపు మీదా నంబరు వేసి దిగాను. కింద మేనేజరు నా ముఖం చూడలేదు.

మర్నాడు మా లెక్కల సూపర్‌వైజరు పిలిచాడు. వార్డు ఆఫీసులో గుమస్తా ఆయన. మర్యాదగలవాడే, కేకలు వేసే మనిషి కాదు.

"బెన్, ఆ భవనం మన బ్లాకులో లేదు. ఆ ఎంట్రీలు తీసెయ్యండి."

"లేకపోతే మీరిచ్చిన జాబితాలో ఎందుకుంది?"

"కర్మాగారం కింద ఉంది. మనుషులున్నారని లేదు కదా."

"అంటే మగ్గాలు మన హద్దులో, మనుషులు బయటా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన చెడ్డవాడై నవ్వి ఉంటే సర్దుకునేదాన్ని. ఈ బెన్ కొత్త, కొన్నాళ్ళకు తనే నేర్చుకుంటుంది అన్నట్టు నవ్వాడు. నలభై మూడు మందిని చెరిపెయ్యడం ఆయనకు తప్పు అక్షరం చెరపడం లాంటిది. మా నాన్నను కూడా ఇలాంటి మర్యాదస్తుడే ఎవడో చాయ్ తాగుతూ చెరిపేసి ఉంటాడు.

"నేను తీయను. మన హద్దులో లేదని మీరు రాసివ్వండి," అన్నాను.

"రాసివ్వడమెందుకు, చెబుతున్నాను కదా."

"నోటితో చెబితే పోయినవాళ్ళు పోయినట్టు అవడం లేదు సార్. కాగితం కావాలంటున్నారు. నాకూ కాగితమే కావాలి."

రెండు రోజులు తిప్పించుకున్నాడు. మూడో రోజు స్కూలు వదిలాక వెళ్ళి ఆయన బల్ల ముందు కూర్చున్నాను. ఆఫీసు మూసే వేళ దాకా కూర్చున్నాను. చివరికి విసుగెత్తి నా దరఖాస్తు మూల మీద "ఈ భవనం మా బ్లాకు హద్దులో లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

ఆ కాగితం పట్టుకుని పంచాయతీకి వెళ్ళాను. అక్కడ తలాటీ ఉంటాడు, మన పంచాయతీ కార్యదర్శి లాంటివాడు. నా కంటే పదేళ్ళు చిన్నవాడు. మూడు ఊళ్ళు ఆయనకే అప్పగించారట, వారంలో రెండు రోజులే దొరుకుతాడు. విషయం చెప్పగానే చెయ్యి ఊపాడు.

"ఆ గేటు నగరం రోడ్డు మీద ఉంది. మాకు సంబంధం లేదు."

"వాళ్ళు తమది కాదని రాసిచ్చారు."

"వాళ్ళు వంద రాస్తారు."

"మీరు ఒకటి రాయండి."

ఆయన రెట్టించలేదు. రాసి ఇచ్చి, ముద్ర కూడా వేశాడు. పని తప్పించుకునే కాగితం మీద ముద్ర వెయ్యడానికి ఎవరికీ ఆలస్యం పట్టదని అప్పుడు తెలిసింది.

ఒకే భవనం మాది కాదు అని రెండు సంతకాలు. అవి పట్టుకుని, ముసలామెను వెంటబెట్టుకుని, ఇద్దరి పైనా ఉండే అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆమె పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. రెండు బస్సులు మారి వెళ్ళి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాం. బెంచీ మీద ఆమె అడిగింది, "నీ ఉద్యోగానికి ఏం గాదు గదా బిడ్డా?" నాకప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. కోపంలో ఉన్నప్పుడు మనిషికి ధైర్యం ఉన్నట్టుంటుంది కానీ, అది ధైర్యం కాదు. గుర్తు లేకపోవడం.

అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లెక్కలు పూర్తయ్యేదాకా హద్దులు ఫ్రీజ్ అయి ఉంటాయి. ఇప్పుడు ఎవరూ మార్చడానికి వీల్లేదు," అన్నాడు హిందీలో.

"మార్చమనడం లేదు సార్. ఎక్కడున్నాయో చెప్పమంటున్నాను."

ఆయన మళ్ళీ కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. ఈలోగా ముసలామె నా మోచెయ్యి పట్టుకుని ఏదో అంది.

"ఆమె ఏమంటోంది?" అన్నాడు.

నేను ఒక్క ముక్క మార్చకుండా హిందీలో చెప్పాను. "మా ఆయన ఎక్కడ చచ్చాడో మీరంతా చదువుకున్నవాళ్ళయి ఉండి చెప్పలేకపోతున్నారు, నేను చూపిస్తాను రండి అంటోంది."

ఆయన ముఖం ఎర్రబడింది. నా మీద పడతాడనుకున్నాను. పడలేదు. గంట కొట్టి సర్వేయరును పంపమని రాశాడు.

పది రోజులకు సర్వేయరు వచ్చాడు. మూడుకాళ్ళ స్టాండు మీద యంత్రం పెట్టి, పాత రెవెన్యూ పటం విప్పుకుని, పొద్దుటి నుంచీ కొలిచాడు. సూపర్‌వైజరూ తలాటీ ఇద్దరూ వచ్చి చెరో వైపు నిలబడ్డారు. పైన వరండాలో జనమంతా రెయిలింగు పట్టుకుని చూస్తున్నారు, తమ గదులు ఎటు పోతాయా అని. సర్వేయరు చివరికి సున్నం తీసుకుని కింద మెట్ల దగ్గర గీత గీశాడు. హద్దు మెట్ల మీదుగా పోయింది. ఏడు గదులు నగరంలో, నాలుగు పంచాయతీలో. ఇరవై ఆరు మంది అటు, పదిహేడు మంది ఇటు. ముసలామె గది పంచాయతీలో పడింది.

తలాటీ తల పట్టుకున్నాడు. కానీ సంతకాలు చేసి ఉన్నాయి, కొలతలు ఉన్నాయి, తప్పించుకోవడానికి దారి లేదు. సాక్షులను అడిగి, ఆలస్యపు నమోదుకు పై అనుమతి తెప్పించి, నెల తర్వాత మరణ ధ్రువపత్రం ఇచ్చాడు. చూస్తే శాశ్వత చిరునామా దగ్గర పాత జిల్లా పేరు టైపు చేసి ఉంది. నేను సరిచెయ్యమని గొడవకు లేచాను. ముసలామె కాగితం నా చేతిలోంచి తీసుకుంది.

"ఉండనియ్ బిడ్డా. ఆయనకు గదే జిల్లా ఎర్క," అంది.

మడత పెట్టి రవికలో దోపుకుంది. పంచాయతీ ఆఫీసు వరండాలోకి వచ్చాక గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడాది కిందట ఏడవాల్సిన ఏడుపు. అంతకాలం కాగితం బెంగతో ఆమెకు ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టే ఉంటుంది. మా స్కూల్లో అందరికీ ఇంతవరకే చెప్పాను.

పిల్ల పేరు బడిలో రాయించాను. నీళ్ళ కుళాయి కోసం రెండు దరఖాస్తులు పెట్టాను, ఒకటి అటు, ఒకటి ఇటు. నాలుగు గదులకు లైను వెయ్యలేమని పంచాయతీ అంది. ఆ భవనం సగమే మాది కాబట్టి పైపు లోపలికి తేలేమని వార్డు ఆఫీసు అంది. నేను మూడోసారి రాయబోతుండగా ఒకరోజు స్కూలు గేటు దగ్గరికి ముసలామె కొడుకు వచ్చాడు. ఖాళీ చెయ్యమన్నారని చెప్పాడు.

మగ్గాల షెడ్డు మీద మనుషులు కాపురం ఉండకూడదని నియమం ఉంది. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే కాగితం మీద అక్కడ ఎవరూ లేరు. ఇప్పుడు ఉన్నారు. నగరం వైపు నుంచి యజమానికి నోటీసు వెళ్ళింది. ఆయన వాదించలేదు. వారం రోజులు గడువిచ్చి బోరు కట్టేశాడు.

నేను వార్డు ఆఫీసుకు పరుగెత్తాను. ఎంత అరిచానో తర్వాత ఎవరో చెబితే తెలిసింది. సూపర్‌వైజరు నేను అరిచినంతసేపూ విన్నాడు.

"మీరే రాశారు కదా బెన్, అక్కడ మనుషులున్నారని," అన్నాడు.

ఈసారి నవ్వలేదు. ఆ మాటలో ఎత్తిపొడుపు కూడా లేదు. ఉన్నా బాగుండేది. నేను దిగివచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. అప్పటిదాకా కోపం అందరి మీదా సమంగా పంచుతూ వచ్చాను, మేనేజరుకు ఇంత, తలాటీకి ఇంత, ఈయనకు ఇంత. ఆ మెట్ల మీద అది మొత్తం తిరిగి నా మీదకే వచ్చింది. మనుషులు కనబడితే చాలు, న్యాయం దానంతటదే వస్తుందని నేను నమ్మాను. నీళ్ళివ్వాల్సిన చేతికి వాళ్ళు కనబడలేదు, గెంటే చేతికి ఒక్క రోజులో కనబడ్డారు. ఒకే కాగితం, ఒకే నంబరు.

ఆ పదకొండు గదుల వాళ్ళూ తలో దిక్కు పోయారు. ఒడిశా వాళ్ళు కొందరు వాళ్ళ ఊళ్ళకే వెళ్ళిపోయారట. మెట్లెక్కి చూశాను. నేను వేసిన నంబర్లు తలుపుల మీద అలాగే ఉన్నాయి, లోపల దారపు బస్తాలు పేర్చి ఉన్నాయి. నేను పంపిన లెక్క ప్రకారం ఆ భవనంలో నలభై మూడు మంది కాపురం ఉంటున్నారు. దాన్ని తీసెయ్యమని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.

ముసలామె కుటుంబం జోల్వా వైపు ఇంకో ఖాతా మీద గది దొరికించుకుంది. కనుక్కుని ఒక ఆదివారం వెళ్ళాను. మోత అదే, వరండా ఇంకా ఇరుకు. ముఖం ఎలా చూపించాలో తెలియక గుమ్మం బయటే నిలబడితే, ఆమే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. చాయ్ పెట్టించింది. పిల్లకు మళ్ళీ బడి పోయింది. ఇక్కడి బడిలో అడుగుతానని చెప్పాను.

"నన్ను తిట్టుకున్నరా అమ్మా?" అని అడిగాను.

"నిన్నెందుకు తిడ్త బిడ్డా. నా కొడుకు తిట్టిండు రెండు దినాలు. అబద్ధమెందుకు జెప్పాలె." చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది. "ముసలాయన కాయితమైతె వచ్చె."

ఇక్కడ ఇళ్ళ లెక్కకు ఎవరైనా వచ్చారా అన్నాను. వచ్చి పోయారట, వీళ్ళు చేరకముందే. మనుషుల లెక్కకు మళ్ళీ వస్తారని, అప్పుడు ఒక్కొక్కరి పేరూ రాస్తారని చెప్పాను.

ఆమె గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగింది. "వస్తె ఉన్నమని చెప్పాల్నా, చెప్పొద్దా? నువ్వు సదువుకున్నదానివి. జర ఆలోచన జేసి చెప్పు."

కింద సాంచెలు మోగుతున్నాయి. ఉన్నవాళ్ళం ఉన్నామని చెప్పుకోవడానికి ఆలోచించుకోవాల్సిన స్థితికి ఈ మనిషిని తెచ్చిందెవరో వాళ్ళ గొంతు పట్టుకోవాలనిపించింది. అందులో నా గొంతు కూడా ఉంది.

"చెప్పాలె అమ్మా," అన్నాను చివరికి. "గని, వచ్చినోళ్ళకు చెప్పేముందు నాకు ఫోన్ చెయ్యిరి. నేనొస్త."

ఆమె మనవరాలిని పిలిచి నా నంబరు గోడ మీద బొగ్గుతో పెద్ద అంకెల్లో రాయించింది. పిల్ల ఒక అంకె తిరగేసి రాసింది. నేను చెయ్యి పట్టి దిద్దించాను.